రాకాసి గుళ్లలో ఎముకలు, వాటిలో మిగిలిన డీఎన్ఏ

హనుమకొండలో చరిత్ర, జీవశాస్త్రం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

ములుగు జిల్లాలో దామరవాయి, మల్లూరు గుట్టల మీది రాతి సమాధులు మీలో చాలామంది చూసే ఉంటారు. చుట్టూ పలక రాళ్లు నిలబెట్టి పైన పెద్ద బండ కప్పిన గూళ్లు అవి. ఊళ్లలో వాటిని రాకాసి గుళ్లంటారు. ఇంత బండను మనుషులు ఎత్తలేరు, రాకాసులే ఎత్తి ఉంటారని నమ్మకం. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్విన సమాధి కప్పు బండ బరువు దాదాపు 40 టన్నులు. ఎత్తింది మనుషులే. ఇనుము వాడకం తెలిసిన మనుషులు. స్థూలంగా క్రీ.పూ. 1000 నుంచి క్రీస్తు శకం మొదలయ్యే దాకా వాళ్ల కాలం. ఈ తేదీలు గుర్తుపెట్టుకోండి, ఈ రోజు నేను చెప్పేదంతా వాటి చుట్టే తిరుగుతుంది.

ఎందుకంటే, 2013లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కలిసి 73 సముదాయాలకు చెందిన 571 మంది డీఎన్ఏను పరిశీలించారు. వాళ్లంతా ఇప్పుడు బతికున్న మనుషులే. ఇవాళ ఉపఖండంలో దాదాపు అందరిలో రెండు పెద్ద పూర్వీక ధారలు కనిపిస్తాయి. ఒకటి ఉత్తరాన ఎక్కువ, ఒకటి దక్షిణాన ఎక్కువ. ఆ రెండూ ఎప్పుడు కలిశాయని లెక్కవేస్తే, ఇప్పటికి 4,200 ఏళ్ల నుంచి 1,900 ఏళ్ల మధ్య అని తేలింది. ఆ రెండు వేల ఏళ్లలో ఇక్కడి మనుషులు విస్తృతంగా కలిసిపోయారు, ఆ తర్వాత ఎవరి కులంలో వాళ్లు పెళ్లిళ్లు చేసుకునే పద్ధతి గట్టిపడింది. ఇప్పుడు రాకాసి గుళ్ల తేదీలు పక్కన పెట్టి చూడండి. సరిగ్గా ఆ కలయిక జరుగుతున్న కాలంలో పాతిపెట్టిన మనుషులు మన గుట్టల మీద ఉన్నారు. ఇవాళ్టి వాళ్ల డీఎన్ఏ నుంచి వెనక్కి లెక్కకట్టి ఊహిస్తున్న దాన్ని నేరుగా చూడగల చోటు ఇది. ఒక్క బాగున్న పుర్రె దొరికినా చాలు.

దొరకడమే కష్టం. ఎందుకో చెబుతాను.

ప్రాణం పోయిన క్షణం నుంచే డీఎన్ఏ విరగడం మొదలవుతుంది. డీఎన్ఏ గొలుసును ఏ, సి, జి, టి అనే నాలుగు రసాయన అక్షరాల వరుసగా చదువుతాం. బతికున్న కణంలో కోట్ల అక్షరాల పొడవున్న ఆ గొలుసు, పాత ఎముకలో 30 నుంచి 70 అక్షరాల ముక్కలుగా మిగులుతుంది. 2012లో న్యూజిలాండ్‌లో అంతరించిపోయిన మోవా పక్షుల ఎముకల మీద ఈ లెక్క కట్టారు. సగటు ఉష్ణోగ్రత 13 డిగ్రీలున్న నేలలో, 242 అక్షరాల పొడవున్న ముక్కల్లో ప్రతి 521 ఏళ్లకు సగం పోతాయి. ఆ లెక్కన 4,500 ఏళ్లకు దాదాపు 400 వంతుల్లో ఒక వంతు మిగులుతుంది. అదీ 13 డిగ్రీల దగ్గర. వరంగల్‌లో ఏడాది సగటు 27 డిగ్రీల చుట్టూ ఉంటుంది. ఒకటి రెండు గజాల లోతుకు వెళ్తే ఎండాకాలం చలికాలం తేడా తగ్గి, నేల ఏడాది పొడుగునా ఆ సగటు దగ్గరే ఉంటుంది. అంటే ఎముక మూడు వేల ఏళ్లుగా అంత వేడిలోనే ఉంది. సైబీరియాలో డెనిసోవా గుహలో చిటికెన వేలి ఎముక ముక్క ఒక్కటి దొరికితే, 2010లో దాంట్లోంచి ఎవరికీ తెలియని ఒక మానవ జాతి బయటపడింది. గ్రీన్‌లాండ్ మంచు నేలలో 20 లక్షల ఏళ్ల నాటి డీఎన్ఏ కూడా దొరికింది. మన దగ్గర మూడు వేల ఏళ్ల ఎముక దొరికినా చాలాసార్లు ఖాళీయే. విద్యార్థులు తరచూ డైనోసార్ గురించి అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన కోటసారస్ ఎముకలు 16 కోట్ల ఏళ్లకు పైబడినవి. వాటిలో డీఎన్ఏ వెతకడం వృథా. 1994లో డైనోసార్ డీఎన్ఏ దొరికిందని ఒక పేపర్ వచ్చింది, తర్వాత చూస్తే అది మనిషి డీఎన్ఏ అని తేలింది.

వేడి ఒక్కటే కాదు, మట్టి సంగతి కూడా ఉంది. గ్రానైట్ శిథిలమై తయారైన ఎర్ర చెల్కలో నీళ్లు త్వరగా ఇంకి దిగిపోతాయి, ఎముకలోని సున్నాన్ని వెంట తీసుకుపోతాయి. ఆమ్లం కాస్త ఎక్కువుంటే ఎముకే మిగలదు, కుండ మాత్రం మిగులుతుంది. నల్ల రేగడిలో సున్నపు పాలు ఎక్కువ కాబట్టి ఎముక ఆకారం నిలుస్తుంది. కానీ వానాకాలం ఉబ్బి ఎండాకాలం నెర్రెలిచ్చే మట్టి అది. ఏటా తడిసి ఆరే ఎముకలోకి నీళ్లతో పాటు బ్యాక్టీరియా, బూజు చేరతాయి. పైకి నిండుగా కనిపించే ఎముక లోపల పొడిలా ఉంటుంది. ఎముక గట్టిగా ఉంది కదా అని డీఎన్ఏ ఉంటుందని అనుకోవద్దు. పలక రాళ్ల మధ్య మట్టి దిగకుండా మూసుకుపోయిన గూడులో, నీడలో, పొడిగా ఉన్న ఎముకకు అవకాశం కాస్త ఎక్కువ.

అందుకే భారతదేశంలో పాత డీఎన్ఏ అనగానే అందరూ ఒకే పేరు చెబుతారు, రాఖీగఢీ. హర్యానాలోని ఆ సింధు నాగరికత నగరంలో 61 ఎముక నమూనాలు పరీక్షించారు. డీఎన్ఏ ఇచ్చింది ఒక్కటి. అదీ సరిపోక, ఆ ఒక్క ఎముక నుంచే వందకు పైగా లైబ్రరీలు, అంటే యంత్రం చదవడానికి వీలుగా సిద్ధం చేసిన డీఎన్ఏ ముక్కల గుంపులు, తయారుచేసి అన్నీ కలిపితే తప్ప లెక్కకు సరిపడా సమాచారం రాలేదు. ఆమె ఒక స్త్రీ, నాలుగున్నర వేల ఏళ్ల కిందటి మనిషి. 2019లో ఫలితం వెలువడింది. ఆమెలో రెండు ధారలున్నాయి. ఒకటి ఉపఖండపు పాత వేటగాళ్లది, ఇప్పుడున్న వాళ్లలో అండమాన్ ఆదివాసులకు దూరపు చుట్టరికం ఉన్న ధార. రెండోది ప్రాచీన ఇరాన్ వాళ్లతో చుట్టరికం ఉన్నది. అయితే ఆ రెండో ధార, ఇరాన్‌లో వ్యవసాయం పుట్టకముందే అక్కడి వాళ్ల నుంచి విడిపోయింది. అంటే గోధుమ పండించడం తెలిసిన జనం ఇరాన్ నుంచి పెద్ద ఎత్తున వచ్చి ఇక్కడ స్థిరపడ్డారనే మాట ఈ ఆధారంతో నిలవదు. ఇక మధ్య ఆసియా గడ్డి మైదానాల ధార, స్టెప్పీ అంటామే, అది ఆమెలో లేదు.

ఒక్క మనిషిని చూసి నాగరికత మొత్తం గురించి చెప్పొచ్చా అని మీరు అడగాలి. అడిగి తీరాలి. ఆమె ఒక్కతే అయితే చెప్పకూడదు. అదే ఏడాది వెలువడిన మరో పెద్ద పరిశోధనలో 523 మంది ప్రాచీన మనుషుల డీఎన్ఏ ఉంది. తుర్క్‌మెనిస్తాన్‌లోని గోనూర్, ఇరాన్‌లోని షహ్ర్-ఇ-సోఖ్తా అనే పాత నగరాల సమాధుల్లో, ఆ ఊరి మిగతా వాళ్లతో పోలిక కుదరని 11 మంది కనిపించారు. రాఖీగఢీ స్త్రీ వాళ్లతో సరిపోయింది. ఆ రెండు నగరాలకూ సింధు ప్రాంతంతో వర్తకం ఉండేదని వస్తువుల ఆధారంగా ముందే తెలుసు. వేరు వేరు చోట్ల దొరికిన 12 మంది ఒకే రకం మిశ్రమం చూపించారు కాబట్టి ఆ మాటకు బలం వచ్చింది. అయినా 12 మందే. సింధు నాగరికత లక్షల మందిది.

అదే పరిశోధనలో స్టెప్పీ ధార క్రీ.పూ. 2000 నుంచి 1500 మధ్య దక్షిణాసియా వైపు వచ్చిందని తేలింది. ఇప్పటి పాకిస్తాన్‌లోని స్వాత్ లోయ సమాధుల్లో అది కనిపిస్తుంది. ఇక్కడొక చిన్న విషయం ఉంది, చాలామంది దాటేస్తారు. ఇవాళ భారతదేశంలో ఆ ధార మగవాళ్ల వైపు నుంచి ఎక్కువగా వచ్చిందని, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోములు చెబుతాయి. స్వాత్ లోయలో మాత్రం ఎక్కువగా స్త్రీల వైపు నుంచి వచ్చింది. అంటే ఒకే దారిలో, ఒకే తీరులో జరిగిన ప్రయాణం కాదది. సింధు నాగరికత సడలిపోయాక అక్కడి జనం ఒకవైపు స్టెప్పీ వాళ్లతో, ఇంకోవైపు దక్షిణాన ఉన్న పాత వేటగాళ్ల సంతతితో కలిశారు. మొదట చెప్పిన ఆ ఉత్తర, దక్షిణ ధారలు అలా ఏర్పడ్డాయి. ఆ రెండూ మళ్లీ కలుస్తున్న కాలంలోనే దామరవాయిలో బండలు ఎత్తారు.

ఇక పనిలోకి దిగుదాం. మీలో కొందరు తవ్వకాల్లో పాల్గొంటారు, కొందరి ఊళ్లో పొలం చదును చేస్తుంటే జేసీబీకి సమాధి తగులుతుంది. ఆ మొదటి గంటలో జరిగేదే ప్రయోగశాలలో ఫలితం వస్తుందా రాదా అన్నది తేలుస్తుంది.

తెర మీద ఉన్న ఈ ఎముక చూడండి. దీన్ని పెట్రస్ అంటారు. చెవి వెనకాల, పుర్రె అడుగున, లోపలి చెవిని చుట్టి ఉంటుంది. రెండు వైపులా రెండు. ఇంచుమించు పిరమిడ్ ఆకారం, పెద్దవాళ్లలో బొటనవేలి చివరి కణుపంత. మన శరీరంలో అన్నిటికన్నా దట్టమైన ఎముక ఇదే, నీళ్లూ బ్యాక్టీరియా అంత సులువుగా దూరలేవు. దీంట్లోనూ నత్త ఆకారంలో ఉన్న కాక్లియా చుట్టూ ఉన్న భాగంలో డీఎన్ఏ అన్నిటికన్నా ఎక్కువ. 2015లో ఈ సంగతి స్పష్టంగా తేలాక వేడి దేశాల మీద పరిశోధన ఒక్కసారిగా మారిపోయింది. అంతకుముందు తొడ ఎముకలు కోసేవాళ్లు. పుర్రె పగిలిపోయి ముక్కలైనా సరే, ఈ ముక్క కోసం మట్టిని జల్లెడ పట్టండి. గులకరాయి అనుకుని పారేస్తారు చాలాసార్లు. ఇది లేకపోతే పళ్లు. పన్ను పైభాగం కాదు, వేరు ముఖ్యం. వేరు మీది సిమెంటం పొరలో డీఎన్ఏ నిలుస్తుంది. అందుకని దవడలో ఉన్న పన్నును ఊడబీకొద్దు, దవడతోనే తీయండి. కాలి తెల్లగా మారిన ఎముకలో ఏమీ ఉండదు. మన సమాధుల్లో కుండలో బూడిదతో దొరికే ముక్కలు చాలావరకు అలాంటివే.

కడగొద్దు. ఇది ఒక్కటి గుర్తున్నా చాలు. మన దగ్గర తవ్వగానే బకెట్ నీళ్లలో ముంచి బ్రష్‌తో రుద్ది ఎండలో ఆరబెట్టే అలవాటుంది. కుండ పెంకులకు అది సరే. ఎముకకు నీళ్లు తగలగానే చిన్న ముక్కలన్నీ కొట్టుకుపోతాయి, పక్కవాటి మట్టి లోపలికి పోతుంది, ఎండ మిగిలింది పాడుచేస్తుంది. ఫ్రాన్స్‌లో ఒకే చోట, ఒకే రకం అడవి ఎద్దుల ఎముకలు కొన్ని 1947లో తవ్వారు, కొన్ని 2004లో. మొదటివి అర్ధ శతాబ్దం పైగా మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో డీఎన్ఏ రాలేదు, 2004లో తీసినవాటిలో వచ్చింది. నేలలో మూడు వేల ఏళ్లకు పైగా నిలిచింది గదిలో యాభై అరవై ఏళ్లలో పోయింది. జిగురు, వార్నిష్ పూయడం కూడా అలాగే. పగుళ్లు అతికించాల్సి వస్తే ముందు పెట్రస్, పళ్లు పక్కకు తీసి పెట్టి, మిగతా వాటికి పూయండి.

ఎముక పైకి కనిపించగానే తవ్వేవాళ్లు చేతులకు రెండు జతల గ్లవ్స్, ముఖానికి మాస్కు, తలకు టోపీ పెట్టుకోవాలి. పై గ్లవ్స్ ప్రతి ఎముకకు మార్చాలి. తుమ్మితే, చెమట చుక్క పడితే, ఆ చుక్కలో ఉన్న మీ డీఎన్ఏ మూడు వేల ఏళ్ల నాటి దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉండొచ్చు. తీసిన ఎముకను నీడలో ఆరనిచ్చి అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, కాగితం కవరులో పెట్టి, సమాధి నంబరు, లోతు, ఏ వైపు ఎముక, తేదీ రాయండి. తడి ఎముకను ప్లాస్టిక్ కవర్లో మూసి కారు డిక్కీలో పెడితే మే నెల ఎండకు లోపల చెమర్చి, రెండు రోజుల్లో బూజు పడుతుంది. చల్లటి పెట్టెలో పెట్టి, వీలైనంత త్వరగా ఫ్రిజ్‌లోకి చేర్చాలి. పక్కనున్న మట్టి కూడా ఒక చిన్న డబ్బాలో తీయండి. ఎముకలో దొరికిన బ్యాక్టీరియా మట్టిలోంచి వచ్చిందా అని పోల్చడానికి అది కావాలి.

ప్రయోగశాలలో ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే తప్పుడు ఫలితాలు వచ్చేది ఇక్కడే. పాత డీఎన్ఏ గది వేరుగా ఉంటుంది. లోపలి గాలి పీడనం బయటికన్నా ఎక్కువ ఉంచుతారు, తలుపు తీస్తే గాలి బయటికే పోవాలి గానీ లోపలికి రాకూడదు. బల్లలు బ్లీచ్‌తో తుడుస్తారు, పని లేనప్పుడు అతినీలలోహిత దీపాలు వెలుగుతుంటాయి. ముందు ఎముకను సీటీ స్కాన్ తీసి ఆకారం భద్రపరుస్తారు, తర్వాత పైపొర గీకేసి, కాక్లియా దగ్గర నెమ్మదిగా తిరిగే డ్రిల్‌తో పొడి తీస్తారు. వేగం పెంచితే వేడికి డీఎన్ఏ కాలిపోతుంది. కావలసిన పొడి 50 మిల్లీగ్రాములు. దాన్ని ఒక మిల్లీలీటరు ఈడీటీఏ, ప్రొటీనేజ్-కె ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా తిప్పుతారు. ఈడీటీఏ కాల్షియాన్ని లాగేస్తుంది, ప్రొటీనేజ్ ఎముకలోని కొలాజెన్ అనే ప్రొటీన్‌ను కరిగిస్తుంది. తర్వాత గ్వానిడిన్ లవణం, ఐసోప్రొపనాల్ కలిపిన ద్రావణం పది రెట్లకు పైగా పోసి సిలికా మీదికి పంపితే డీఎన్ఏ సిలికాకు అంటుకుంటుంది. మామూలు రక్త నమూనాకు వాడే కిట్ వాడితే వంద అక్షరాల లోపు ముక్కలు చాలావరకు జారిపోతాయి. మనకు కావలసినవి సరిగ్గా ఆ ముక్కలే. ప్రతి విడతలో ఎముక పొడి లేకుండా ఒక ఖాళీ గొట్టం కూడా ఇదే పద్ధతిలో నడపాలి. ఆ ఖాళీ గొట్టంలో మనిషి డీఎన్ఏ వచ్చిందంటే ఆ విడత మొత్తాన్ని అనుమానించాలి.

వచ్చిన దాంట్లో చదివితే, వేడి ప్రాంతపు ఎముకల్లో నూటికి 99 పాళ్లకు పైగా మట్టి బ్యాక్టీరియాదే ఉండటం మామూలే. అందుకని మనుషుల మధ్య తేడా చూపే 12 లక్షల 40 వేల చోట్లకు సరిపోయే గాలాలు తయారుచేసి, వాటికి తగులుకున్న ముక్కల్నే బయటికి లాగుతారు. అయినా మన ఎముకల్లో ఆ 12 లక్షల చోట్లలో కొన్ని పదివేలు చదవగలిగితే సంతోషించాలి.

మరి దొరికింది పాత మనిషిదేనని, తవ్విన వాళ్లది కాదని ఎలా తెలుస్తుంది? మూడు పరీక్షలున్నాయి. పాత డీఎన్ఏ ముక్కల కొసల్లో సి అక్షరం పాడై టి లాగా చదవబడుతుంది. కొత్త డీఎన్ఏలో ఈ దెబ్బ ఉండదు. కొసల దగ్గర ఈ మార్పు పెరుగుతూ కనిపించకపోతే నమ్మకూడదు. రెండోది, ఒక మనిషిలో తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ ఒకే రకం ఉండాలి. రెండు రకాలు కనిపిస్తే ఇద్దరు కలిశారన్నమాట. మూడోది మగవాళ్లకే పనికొస్తుంది. వాళ్లకు ఎక్స్ క్రోమోజోమ్ ఒక్కటే కాబట్టి ఒకే చోట రెండు అక్షరాలు రాకూడదు. వీటిలో ఆ మనిషికి వర్తించే పరీక్షలన్నీ చూపించని ఏ ఫలితాన్నీ, ఎంత పెద్ద వార్తగా వచ్చినా, పక్కన పెట్టండి.

లెక్కల దగ్గర ఒక్క హెచ్చరిక చేసి ముందుకు వెళ్తాను. ఫలానా సమాధిలోని మనిషి ఫలానా రెండు జనాల మిశ్రమం అని ఒక నమూనా పెట్టి పరీక్షిస్తారు. నమూనా కుదరకపోతే అది తప్పని గట్టిగా చెప్పొచ్చు. కుదిరితే మాత్రం అదే నిజమని చెప్పలేం. డీఎన్ఏ తక్కువున్నప్పుడు పది నమూనాలైనా కుదురుతాయి. పత్రికల్లో వచ్చే శాతాలను ఈ కళ్లతో చదవండి. డీఎన్ఏకు భాష కూడా తెలియదు. మల్లూరు సమాధిలోని మనిషి ఏ భాష మాట్లాడాడో ఏ పెట్రస్ ఎముకా చెప్పదు. అతని కులం ఏమిటో అసలే చెప్పదు. ఆ సమాధులు మావాళ్లవేనని గానీ, మీవాళ్లవి కావని గానీ దీంతో తగువు పెట్టుకోవడం ఆ మనుషులకు అన్యాయం.

మరి చెప్పగలిగేదేమిటి? మన సమాధుల విషయంలో నాకు అన్నిటికన్నా ఆశగా కనిపించేది చుట్టరికం. ఒకే రాతి గూడులో ఇద్దరు ముగ్గురి ఎముకలు దొరుకుతుంటాయి. భార్యాభర్తలా, అన్నదమ్ములా, ఏ సంబంధమూ లేనివాళ్లా? ఇంగ్లాండ్‌లో హేజిల్టన్ నార్త్ అనే 5,700 ఏళ్ల నాటి రాతి సమాధిలో 35 మంది డీఎన్ఏ తీశారు. 27 మంది ఐదు తరాల ఒకే కుటుంబం. వాళ్లలో ఎక్కువమంది, ఒకే మగమనిషితో పిల్లల్ని కన్న నలుగురు స్త్రీల సంతతి. సమాధిలో రెండు వైపులా రెండు గదులున్నాయి, ఎవరు ఏ గదిలో ఉండాలన్నది ఆ నలుగురు స్త్రీలలో ఎవరి సంతానం అన్నదాన్ని బట్టి నిర్ణయించారు. 2022లో ఇది వెలువడింది. రాసిన చరిత్ర లేని జనం, తల్లి పేరు చూసి ఎవరినెక్కడ పాతాలో నిర్ణయించుకున్నారని ఇప్పుడు మనకు తెలుసు. మన గూళ్లలోనూ ఇలాంటి లెక్కలేవో ఉండే ఉంటాయి. ఇనుప కత్తులతో, పూసలతో, నల్ల ఎరుపు కుండలతో పాతిన మనిషి పక్కన ఏమీ లేకుండా పాతిన మనిషి ఎవరు?

డీఎన్ఏ చెప్పే ఈ పాత చరిత్రతో మన ఆసుపత్రులకు కూడా పనుంది. 2009లో సీసీఎంబీ, హార్వర్డ్ వాళ్లు వెలువరించిన పరిశోధనలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన వైశ్య సముదాయం, చిన్న మూల జనాభా నుంచి పెరిగి వంద తరాలకు పైగా లోలోపలే పెళ్లిళ్లు చేసుకుందని తేలింది. అలాంటి చోట ఒక అరుదైన జన్యు లోపం మామూలు కన్నా ఎక్కువమందిలో కనిపిస్తుంది. ఆ సముదాయంలో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఆపరేషన్ ముందు కండరాలను సడలించే సక్సినిల్‌కోలిన్ మందు ఇస్తే, నిమిషాల్లో తిరిగి రావాల్సిన కండరాలు గంటల తరబడి కదలవు. అందుకే మత్తు డాక్టర్లు కుటుంబంలో ఎవరికైనా అలా జరిగిందా అని అడుగుతారు. అడిగినప్పుడు దాచకుండా చెప్పండి. ఇంకా పాత సంగతి, కోవిడ్‌లో పరిస్థితి విషమించే ప్రమాదాన్ని పెంచిన ఒక ముక్క మూడో క్రోమోజోమ్‌లో ఉంది, అంతరించిపోయిన నియాండర్తల్ అనే మానవ జాతి నుంచి వచ్చింది. దక్షిణాసియాలో దాదాపు సగం మందిలో అది కనీసం ఒక కాపీ ఉంటుంది. 2020లో దాన్ని బయటపెట్టిన ఇద్దరిలో స్వాంటె పాబో ఒకరు. ఈ రంగానికి పునాది వేసినందుకు 2022లో ఆయనకు నోబెల్ వచ్చింది.

చివరగా, గుప్త నిధుల పేరుతో ఈ సమాధులు పగలగొట్టేవాళ్ల గురించి. వాటిలో నిధులేమీ ఉండవు. కుండలు, ఇనుప ముక్కలు, ఎముకలు ఉంటాయి. రాత్రి గడ్డపారలతో బండ జరిపి, కుండలు పగలగొట్టి, ఎముకలు బయట పారేసి పోతారు. ఒక్క వానాకాలం చాలు, ఇంతసేపు నేను చెప్పిన అవకాశం పోవడానికి. గ్రానైట్ క్వారీలు, పొలం చదును పనులు ఇంకా వేగంగా పని పూర్తిచేస్తున్నాయి. మీ ఊరి గుట్ట మీద అలాంటివి కనిపిస్తే ఫొటో తీసి, చోటు గుర్తించి, తహసీల్దారుకు, పురావస్తు శాఖకు రాతపూర్వకంగా తెలియజేయండి. బయటపడిన ఎముకను మీరు తీయొద్దు. నీడపడేలా కప్పి, మనుషుల్ని, కుక్కల్ని దూరంగా ఉంచండి.

రేపు మీరే తవ్వకంలో నిలబడే రోజు వస్తే, ఒక మనిషికి రెండు పెట్రస్ ఎముకలుంటాయి కదా, ఒక్కటే పరీక్షకు ఇవ్వండి. ఎడమది ఇస్తే కుడిది ఫాయిల్‌లో చుట్టి, చల్లగా, ఎవరూ తెరవకుండా దాచండి. 2010లో పొడి తీసి ఏమీ లేదని వదిలేసిన ఎముకలకు, పద్ధతులు మారాక ఇంకో అవకాశం ఇద్దామంటే రెండో వైపు ఎముక మిగలని చోట్లున్నాయి.